8.7 అంగుళాల ట్యాబ్‌కి క్లిప్ కంట్రోలర్: కొనే ముందు స్కేలు తీయండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను, రోజూ రైల్లోనే వెళ్లొస్తాను. నా దగ్గర 8.7 అంగుళాల రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ ఉంది. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా), కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్, మైన్‌క్రాఫ్ట్ ఆడతాను. ట్యాబ్‌కి రెండు పక్కలా బిగించే కంట్రోలర్ కొందామని 3,000 రూపాయలు పోగుచేశాను. ఆన్‌లైన్‌లో చూసినవాటి మీద ‘5 నుంచి 10 అంగుళాల వరకు’ అని రాసి ఉంది. పలాసలో ఒక షాపతను మాత్రం అంత డబ్బెందుకు, ఇవి చాలు అంటూ స్క్రీన్ పై అంచుకి పెట్టే రెండు ట్రిగ్గర్ క్లిప్పులు చూపించాడు. ఏది కొనమంటారు? మా తమ్ముడికి 11 అంగుళాల ట్యాబ్ ఉంది. నేను కొన్నది వాడికీ పనికొస్తుందా? బరంపురం మావయ్య ఇచ్చిన పాత పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కంట్రోలర్ ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంది.

జవాబు: ముందు ఆటల సంగతి తేల్చుకోండి. మీరు రాసిన మూడింటిలో రెండింటికే కంట్రోలర్ పనిచేస్తుంది. మైన్‌క్రాఫ్ట్ కంట్రోలర్ పెట్టగానే గుర్తుపట్టి, తెర మీది టచ్ బటన్లను తీసేస్తుంది. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ 2019 నవంబరు నుంచి కంట్రోలర్‌ని ఒప్పుకుంటోంది. సెట్టింగ్స్‌లో కంట్రోలర్ అనే విభాగంలోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. మ్యాచ్ నడిచేటప్పుడు బొటనవేళ్లతో తిప్పే స్టిక్కులూ బటన్లూ పనిచేస్తాయి కానీ మ్యాచ్‌కి ముందు కనిపించే లాబీలో తుపాకీ మార్చడం, రివార్డులు తీసుకోవడం లాంటి పనులకి వేలు తెర మీద పెట్టాల్సిందే. కంట్రోలర్‌తో ఆడేవాళ్లని ఆ ఆట కంట్రోలర్‌తో ఆడేవాళ్లతోనే కలుపుతుంది. అందుకని మ్యాచ్ దొరకడానికి కాస్త ఎక్కువసేపు పట్టినా కంగారు పడకండి.

బీజీఎంఐ లోపల కంట్రోలర్ సెట్టింగే లేదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా అందులో స్టిక్ తిప్పితే బొమ్మ అడుగు వేయదు. ‘బీజీఎంఐ సపోర్ట్’ అని పెట్టె మీద రాసి అమ్మేవాళ్లు చెప్పకుండా దాటేసేది మ్యాపింగ్ గురించి. మీరు ఆర్1 (కుడి పై అంచు బటన్) నొక్కితే, తెర మీద ఫైర్ బటన్ ఉన్న చోట వేలు పడినట్టు ట్యాబ్‌ని నమ్మించడమే మ్యాపింగ్. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, డెవలపర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఒక మ్యాపర్ యాప్‌కి ట్యాబ్ మీద పెద్ద అధికారం ఇవ్వడం. రెండోది, కంట్రోలర్‌నే ‘వీ3’ అనే మోడ్‌లో పెట్టడం. ఆ మోడ్‌లో అది తాను గేమ్‌ప్యాడ్‌నని కాకుండా తానొక టచ్ స్క్రీన్‌నని ట్యాబ్‌కి చెప్పుకుంటుంది. ఏ బటన్ ఎక్కడ పడాలో ‘షూటింగ్‌ప్లస్ వీ3’ లాంటి యాప్‌లో సర్దుకోవాలి.

రెండూ వద్దనే చెబుతాం. ఆట నియమాల్లో ఇలాంటి బయటి సాధనాలకు అనుమతి లేదు. దొరికితే అకౌంట్ పోతుంది, దానితోపాటు ఇన్నాళ్లు కొనుక్కున్న స్కిన్లూ (బొమ్మకి, తుపాకీకి వేసే కొత్త వేషాలు) పోతాయి. ఇంకో ముప్పు కూడా ఉంది. ఆ యాప్‌లు చాలావరకు ప్లేస్టోర్ బయట నుంచి దించుకోమంటాయి, తెర మీద ఏముందో చూసే అనుమతి అడుగుతాయి. మీరు ఫోన్‌పేనో, బ్యాంకు యాపో అదే ట్యాబ్‌లో వాడుతుంటే ఆ అనుమతి ఇవ్వడం ఎంత మాత్రం మంచిది కాదు. బీజీఎంఐ కోసమే అయితే ఈ 3,000 ఖర్చు చేయొద్దు. కాల్ ఆఫ్ డ్యూటీ, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ శాన్ ఆండ్రియాస్, డెడ్ సెల్స్, స్టార్‌డ్యూ వ్యాలీ, ఆస్ఫాల్ట్ లాంటివి ఆడతానంటే కంట్రోలర్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు. వీటిలో కొన్ని నెట్ లేకుండా కూడా ఆడొచ్చు. రైలు కాశీనగరం దాటాక సిగ్నల్ ఉంటుందా లేదా అని చూసుకోనక్కర్లేదు.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. పెట్టె మీది అంగుళాల లెక్క తెరకి మూల నుంచి మూలకి కొలిచింది. కంట్రోలర్ పట్టుకునేది మూలల్ని కాదు, ట్యాబ్‌ని అడ్డంగా పట్టుకున్నప్పుడు ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఉన్న పొడవుని. ఆ పొడవు మిల్లీమీటర్లలో ఎంతో తెలియాలి. మీ రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ 8.7 పొడవు 211.58 మి.మీ., వెడల్పు 125.48, మందం 8.8, బరువు 373 గ్రాములు. దాదాపు అదే తెర ఉన్న గెలాక్సీ ట్యాబ్ ఏ9 పొడవు 211 మి.మీ. ఐప్యాడ్ మినీ 8.3 అంగుళాలే, పొడవు 195.4. అంటే తెరలో 0.4 అంగుళం తేడా ఉంటే పొడవులో 16 మి.మీ. తేడా వచ్చింది. తెర ఎంత చతురస్రానికి దగ్గరగా ఉంటే పొడవు అంత తగ్గుతుంది కాబట్టి ఐప్యాడ్ మినీకి పట్టిన కంట్రోలర్ మీ ట్యాబ్‌కి పట్టాలని లేదు. ఒక కంట్రోలర్ వివరాల్లో ‘8 అంగుళాల ట్యాబ్ దాకా’ అని మాత్రమే ఉండి, మి.మీ. రాసి లేకపోతే దాన్ని వదిలేయండి. రేజర్ కిషి అల్ట్రా మంచి వస్తువే, కానీ తయారీదారు చెప్పిన హద్దు 8 అంగుళాలు. మీది దాన్ని దాటేసింది.

‘5 నుంచి 10 అంగుళాలు’ అన్న మాటని కూడా ఇలాగే పరీక్షించండి. మామూలు 10.1 అంగుళాల ట్యాబ్ పొడవు 240 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అమ్మేవాడు నిజంగా పదంగుళాలు పడుతుందంటే ‘గరిష్ఠంగా ఎంత సాగుతుంది, మిల్లీమీటర్లలో చెప్పండి’ అని అడగండి. 240కి తగ్గిన సంఖ్య ఏది చెప్పినా పెట్టె మీది మాట తప్పన్నట్టే. కొందరు సాగే పట్టీ పొడవు చెబుతారు, కొందరు రెండు చేతి పిడుల బయటి అంచుల మధ్య దూరం చెబుతారు. మీకు కావలసింది రెండు దవడల, అంటే ట్యాబ్ అంచుల్ని పట్టుకునే రెండు కొసల, లోపలి అంచుల మధ్య దూరం.

గేమ్‌సర్ జీ8 ప్లస్ 215 మి.మీ. దాకా సాగుతుంది. మీ ట్యాబ్ 211.58 తీసేస్తే మిగిలింది మూడున్నర మి.మీ. కూడా కాదు. వెనక రబ్బరు కవర్ ఉంటే రెండు పక్కలా కలిపి 3 నుంచి 5 మి.మీ. దాకా పెరుగుతుంది కాబట్టి కవర్‌తో ఎక్కదు. ఎక్కించేటప్పుడు కవర్ తీయాలి, దించాక మళ్లీ తొడగాలి. అదే కంపెనీ ఎక్స్5 లైట్ హద్దు 213. లెక్కలో మీ ట్యాబ్ పడుతుంది కానీ స్ప్రింగ్ చిట్టచివరి దాకా సాగి ఉంటుంది. అలా రోజూ సాగదీస్తే పట్టు త్వరగా వదులవుతుంది. 211 మి.మీ. ట్యాబ్‌కి కనీసం 215, వీలైతే 220 ఉన్నదాన్ని చూడండి. జీ8 ప్లస్ మీ 3,000లో రాదు. ఆ డబ్బుకి దొరికేవి ఎక్కువగా పెద్ద పేరు లేని బ్లూటూత్ రకాలు. అవి పనికిరావని కాదు, చూసి ఎంచుకోవాలంతే.

పొడవు సరిపోయాక మందం చూడండి. ఫోన్ల కోసం చేసిన దవడల్లో గాడి 9 మి.మీ. చుట్టుపక్కలే ఉంటే మీ 8.8 మి.మీ. ట్యాబ్ దూరుతుంది కానీ టెంపర్డ్ గ్లాస్ అంచు దాకా అంటించి ఉంటే గ్లాస్ మూల లేచిపోతుంది. ఆ తర్వాత వెడల్పు. ఫోన్ వెడల్పు 75 నుంచి 80 మి.మీ., మీ ట్యాబ్ 125. ఫోన్ కంట్రోలర్లలో దవడకి పైనా కిందా గోడ ఉంటుంది. ట్యాబ్ పట్టాలంటే ఆ గోడలు లేకుండా గాడి రెండు వైపులా తెరిచి ఉండాలి. ఫొటోల్లో ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. పొట్టి అంచుల్లో స్పీకర్లు ఉంటే దవడలు వాటిని మూసేస్తాయి. పవర్ బటన్ ఆ అంచునే ఉన్న ట్యాబ్ అయితే దవడ బటన్‌ని నొక్కి పట్టుకుని ట్యాబ్ మాటిమాటికీ ఆగిపోతుంది.

టైప్-సి తీసుకోవాలా, బ్లూటూత్ తీసుకోవాలా అనే ప్రశ్న మీరు అడగలేదు కానీ షాపులో తప్పకుండా ఎదురవుతుంది. టైప్-సి రకంలో కుడి దవడ లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది ట్యాబ్ ఛార్జింగ్ రంధ్రంలోకి వెళుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, జత చేయడం లేదు, బటన్ నొక్కిన మరుక్షణం పని జరుగుతుంది. ఇబ్బందంతా ఆ పిన్నుతోనే. రంధ్రం పొట్టి అంచు మధ్యలో లేకపోతే కంట్రోలర్ పైకో కిందికో జరిగి కూర్చుంటుంది, పిడులు చేతిలో సమంగా ఉండవు. రైల్లో పక్కవాళ్ల మోచెయ్యి తగిలి ట్యాబ్ కాస్త మెలి తిరిగితే ఆ బరువంతా పడేది ఛార్జింగ్ రంధ్రం మీద. 170, 180 గ్రాముల ఫోన్‌కి తట్టుకునే పిన్ను 373 గ్రాముల ట్యాబ్‌కి అన్నాళ్లు తట్టుకోదు. రోజూ రైల్లో ఆడే మీకు బ్లూటూత్ రకమే మేలని మా అభిప్రాయం. ఇంట్లో కూర్చుని ఆడేవాళ్లయితే టైప్-సి అనేవాళ్లం.

టైప్-సి వైపే మొగ్గితే కొనేముందు ఒక పని చేయండి. ఛార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ వస్తువుల్ని తగిలించే ఓటీజీ ముక్కకి కంప్యూటర్ మౌస్ తగిలించి ట్యాబ్‌లో పెట్టండి. తెర మీద బాణం గుర్తు వస్తే మీ రంధ్రం కంట్రోలర్‌నీ ఒప్పుకుంటుంది. ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ పరికరాల్లో కొన్నిటికి సెట్టింగ్స్‌లో ఓటీజీ విడిగా ఆన్ చేయాలి. కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది కూడా. కంట్రోలర్ చచ్చిపోయిందని తిరిగి పంపేసినవాటిలో ఇలాంటివి బోలెడు ఉంటాయి.

బ్లూటూత్‌లో ఆలస్యం కొద్దిగా ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్‌లో తెలియదు. కాల్ ఆఫ్ డ్యూటీలో, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా అదే సమయంలో పెట్టుకుంటే తెలుస్తుంది. రెండూ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ గాలిలో మాట్లాడుకుంటాయి, 2.4 వైఫై కూడా అక్కడే ఉంటుంది. స్టిక్ వదిలాక కూడా బొమ్మ ఇంకో అడుగు వేస్తుంటే ముందు ఇయర్‌బడ్స్ ఆపి చూడండి. మీ ట్యాబ్‌కి 3.5 మి.మీ. జాక్ ఉంది కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ తగాదా ఉండదు. దవడ జాక్‌ని మూసేయకుండా చూసుకోండి.

వస్తువు చేతికి వచ్చిన రోజునే పరీక్షించాలి. పార్సిల్ విప్పేటప్పుడు కత్తిరించని వీడియో ఒకటి తీసి పెట్టుకోండి. మీ పిన్‌కోడ్‌కి తిరిగి తీసుకెళ్లే సదుపాయం ఉందో లేదో మాత్రం ఆర్డర్ పెట్టకముందే చూడాలి. చిన్న ఊళ్లకి తెచ్చి ఇస్తారు కానీ తిరిగి తీసుకెళ్లడానికి రామంటారు, మీరే కొరియర్ చేసుకోమంటారు. అమ్మేవాడి పేజీలో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మొదటి పరీక్షకి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. కంట్రోలర్ జత అయ్యాక ట్యాబ్ హోమ్ స్క్రీన్ మీద డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) నొక్కండి. ఒక గుర్తు ఐకాన్ నుంచి ఐకాన్‌కి కదలాలి, ‘ఏ’ అనే అక్షరం ఉన్న బటన్ నొక్కితే, గుర్తు ఉన్న యాప్ తెరుచుకోవాలి. అలా జరిగితే ట్యాబ్ దాన్ని గేమ్‌ప్యాడ్‌గా గుర్తించినట్టే. తర్వాత ప్లేస్టోర్‌లో ‘గేమ్‌ప్యాడ్ టెస్టర్’ అని వెతికి ఏదో ఒకటి పెట్టుకోండి. స్టిక్కులు రెండూ వదిలేస్తే సంఖ్యలు సున్నా దగ్గర ఉండాలి. 0.05 దాకా ఫర్వాలేదు. 0.1 దాటి ఒక వైపే చూపిస్తుంటే అది డ్రిఫ్ట్, ఆటలో బొమ్మ తనంతట తానే నడుస్తుంది. స్టిక్‌ని అంచుకి ఆనించి మెల్లగా చుట్టూ తిప్పితే అన్ని వైపులా 1కి చేరాలి. చూపుడు వేళ్లతో నొక్కే ఎల్2, ఆర్2 బటన్లని మెల్లగా నొక్కుతుంటే 0 నుంచి 1కి క్రమంగా పెరిగితే అవి అనలాగ్ రకం. ఒక్కసారిగా 1 చూపిస్తే మామూలు స్విచ్చులు. తుపాకీ ఆటకి స్విచ్చయినా చాలు, ఆస్ఫాల్ట్ లాంటి కారు ఆటకి అనలాగ్ ఉంటే బాగుంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎవరూ చేయరు, మీరు చేయండి. ఈ కంట్రోలర్ నడుమ సాగే పట్టీ లోపల సన్నటి రిబ్బన్ వైరు ఒకటి ఉంటుంది. ఒక సగంలో ఉన్న బటన్లూ స్టిక్కూ చెప్పేదంతా ఆ వైరు మీదుగానే, సర్క్యూట్ ఉన్న రెండో సగానికి చేరుతుంది. సాగదీసిన ప్రతిసారీ ఆ వైరు మడత విప్పుకుంటుంది, మూసినప్పుడు మళ్లీ మడత పడుతుంది. చవక రకాల్లో ముందుగా తెగేది అదే. టెస్టర్ తెరిచి ఉంచి, ట్యాబ్ పెట్టకుండా, కంట్రోలర్‌ని చివరిదాకా సాగదీసి మెల్లగా మూయండి. ఇలా పదిసార్లు చేస్తూ ఎడమ స్టిక్‌ని ఒక పక్కకి నెట్టి పట్టుకోండి. టైప్-సి రకమైతే ఓటీజీ పొడిగింపు వైరుతో తగిలించి చేయొచ్చు. మధ్యలో సంఖ్య ఒక్కసారి సున్నాకి పడి మళ్లీ వచ్చినా ఆ వస్తువు వెనక్కి పంపేయండి. ఇప్పుడు ఒకసారి తడబడిన వైరు ఎక్కువకాలం ఆగదు. ఒక సగంలోని బటన్లన్నీ ఒకేసారి పనిచేయడం మానేశాయంటే బటన్లది తప్పు కాదు, ఈ వైరుదే. విడి బటన్ ఒకటి పోతే మాత్రం దాని కింది రబ్బరు ముక్క అరిగిందనో, జరిగిందనో అర్థం.

వివరాల్లో ‘హాల్ ఎఫెక్ట్’ అని రాసిన స్టిక్కులు దొరికితే వందో రెండొందలో ఎక్కువైనా అవే తీసుకోండి. మామూలు స్టిక్ లోపల కార్బన్ పూత మీద లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరితే, పూత అరిగితే డ్రిఫ్ట్ మొదలవుతుంది. హాల్ ఎఫెక్ట్‌లో అయస్కాంతం దూరాన్ని బట్టి స్థానం తెలుస్తుంది, రాపిడి ఉండదు. కిటికీ తెరిచి ఉన్న రైలు పెట్టెలో రోజూ వాడే వస్తువుకి ఇది బాగా అక్కరకొస్తుంది.

బిగించే తీరు చెబుతాం. కంట్రోలర్‌ని ఒళ్లో పెట్టుకుని, ట్యాబ్ ఎడమ అంచుని ఎడమ దవడలో ముందు కూర్చోబెట్టండి. ఎడమ చేత్తో ట్యాబ్‌నీ దవడనీ కలిపి పట్టుకుని, కుడి పిడిని నేరుగా పక్కకి లాగండి. పైకి లేపుతూ లాగితే పట్టీ వంకర పోతుంది. కుడి అంచు కూర్చున్నాక మెల్లగా వదలండి, ఒక్కసారిగా వదిలితే స్ప్రింగ్ దెబ్బ ట్యాబ్ అంచుకి తగులుతుంది. ట్యాబ్ పైనా కిందా సమంగా బయటికి ఉందో లేదో చూడండి. మీ 125 మి.మీ. వెడల్పులో దవడ 90 మి.మీ. పట్టుకుంటే పైన 17, కింద 17 మిగలాలి. పైన ఎక్కువ మిగిలితే ట్యాబ్ తల వాల్చి మణికట్టుని లాగుతుంది. ట్యాబ్, కంట్రోలర్ కలిపి 600 గ్రాములు దాటుతుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని మోచేతులు దాని మీద ఆనించండి. గాల్లో పట్టుకుని ఆడితే పర్లాకిమిడి నుంచి గుణుపురం వెళ్లేలోపే బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంటుంది.

బ్లూటూత్ జత చేయడంలో అందరూ చిక్కుకునేది మోడ్ దగ్గర. ఒకే కంట్రోలర్‌లో ఆండ్రాయిడ్, ఐఓఎస్, నింటెండో స్విచ్, పీసీ అని నాలుగైదు మోడ్‌లు ఉంటాయి. హోమ్ బటన్‌తోపాటు ఏ, బి, ఎక్స్, వై లలో ఏదో ఒకటి నొక్కి పట్టుకుంటే ఒక్కో మోడ్ వస్తుంది. ఏది దేనికన్నది కంపెనీని బట్టి మారుతుంది, పెట్టెలోని కాగితం చూడాలి. ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచుకోండి, పోతే ఇంకెక్కడా దొరకదు. మోడ్ తప్పితే కనిపించే తేడాలు ఇవి. ఏ నొక్కితే బి పనీ, బి నొక్కితే ఏ పనీ జరుగుతుంటే స్విచ్ మోడ్‌లో ఉంది. స్టిక్ తిప్పితే ఏమీ కాకుండా అక్షరాలు టైప్ అవుతుంటే లేదా వాల్యూమ్ మారుతుంటే కీబోర్డ్ మోడ్‌లో ఉంది. హోమ్ స్క్రీన్ మీద స్టిక్ కదిపితే తెర తనంతట తానే జరుగుతుంటే, ముందు చెప్పిన వీ3 మోడ్‌లో ఉంది. మోడ్ మార్చాక ట్యాబ్ బ్లూటూత్ జాబితాలో పాత పేరుని ‘ఫర్గెట్’ కొట్టి మళ్లీ కొత్తగా జత చేయాలి. ఈ మెట్టు వదిలేస్తే మోడ్ మారినా ట్యాబ్ దాన్ని పాత మోడ్‌లోనే చూస్తుంది.

కాల్ ఆఫ్ డ్యూటీ అధికారికంగా చెప్పింది ముఖ్యంగా సోనీ, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ల పేర్లు. ఏ పేరూ లేని క్లిప్ కంట్రోలర్ అందులో పనిచేయాలంటే బ్లూటూత్ జాబితాలో అది ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పేరుతో కనిపించే మోడ్ ఉండాలి. కొనేముందు అమ్మేవాడిని అడగాల్సిన రెండో ప్రశ్న ఇదే.

పలాస షాపులో చూసిన ట్రిగ్గర్ క్లిప్పుల విషయం. బీజీఎంఐకి నాలుగు వేళ్లతో ఆడాలనుకునేవాళ్లకి వాటి ఉపయోగం ఉంది. వాటిలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో బ్యాటరీ ఉండదు. మీటని నొక్కితే దాని చివరి రబ్బరు లేదా లోహపు రేకు తెరని తాకుతుంది, మీ వేలి చర్మంలోని విద్యుత్ ప్రభావం మీట గుండా తెరకి చేరుతుంది. తెర దాన్ని వేలే అనుకుంటుంది. రెండో దానిలో బ్యాటరీయో, చిన్న మోటారో ఉంటుంది, ఒకసారి నొక్కితే సెకనుకి పదుల సార్లు అదే కొడుతుంది. రెండోది కొనకండి. అది ఆటని మోసం చేయడమే, దొరికిపోతే శిక్షా అలాంటిదే. మొదటిదైనా పోటీల్లో ఆడేటప్పుడు నిర్వాహకుల నియమాలు చదవాలి.

ఫోన్ కోసం చేసిన ట్రిగ్గర్ ట్యాబ్‌కి సరిగ్గా అందదు. ఫోన్‌లో తెర అంచు నుంచే మొదలవుతుంది, ట్యాబ్‌లో చుట్టూ నల్ల అంచు ఉంటుంది. క్లిప్ అంచుని పట్టుకున్న చోటు నుంచి రబ్బరు తాకే చోటు దాకా స్కేలుతో కొలవండి. మీ ట్యాబ్ నల్ల అంచుని కొలిచి, దానికి ఇంకో 8 మి.మీ. కలపండి. రబ్బరు కనీసం అంత లోపలికి అందాలి. అందకపోతే రబ్బరు సగం నలుపు మీద, సగం తెర మీద పడి నాలుగింట ఒకసారి మాత్రమే పనిచేస్తుంది.

సరిగ్గా ఎక్కడ తాకుతోందో చూడటానికి మంచి ఉపాయం ఉంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ టాబ్లెట్’లోకి వెళ్లి ఓఎస్ వెర్షన్ మీద ఏడుసార్లు తట్టండి, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ‘పాయింటర్ లొకేషన్’ ఆన్ చేస్తే, తెర మీద ఏది తాకినా అక్కడ అడ్డం నిలువు గీతలు కలుసుకుంటాయి. ట్రిగ్గర్‌ని ఇరవైసార్లు నొక్కండి. ఇరవైసార్లూ గీతలు రావాలి, ఒకే చోట రావాలి. నొక్కకపోయినా గీతలు కనిపిస్తుంటే రబ్బరు తెరని ఎప్పుడూ తాకుతూనే ఉందన్నమాట, కాస్త పైకి ఎత్తి బిగించండి. గీతలు వచ్చిన చోటికి బీజీఎంఐ కంట్రోల్స్ లేఅవుట్‌లో ఫైర్ బటన్‌ని లాక్కెళ్లి, పెద్దది చేసి పెట్టండి. రెండో ట్రిగ్గర్‌కి స్కోప్ బటన్ ఇవ్వండి. పని అయ్యాక పాయింటర్ లొకేషన్ ఆపేయండి.

ట్రిగ్గర్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే కారణం ఎక్కువగా ఈ మూడింటిలో ఒకటి. టెంపర్డ్ గ్లాస్ మందంగా ఉండటం. రబ్బరు మీద చెమట, నూనె పేరుకోవడం, దీనికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిస్తే చాలు. ఇంకొకటి, ఛార్జింగ్ పెట్టి ఆడటం. నాసి ఛార్జర్‌తో తెర తనంతట తానే తాకినట్టు గెంతుతుంది. ఛార్జర్ తీయగానే బాగుపడితే ట్రిగ్గర్‌ని తప్పుపట్టొద్దు. వానాకాలంలో తడి చేతులతో ఏ క్లిప్పూ సరిగ్గా పనిచేయదు.

ఇక మీ తమ్ముడి 11 అంగుళాల ట్యాబ్. రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ 11 అంగుళాలది 255.53 మి.మీ. పొడవు, 478 గ్రాములు. గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ 257.1 మి.మీ., 480 గ్రాములు. మీకోసం కొనే 215, 220 మి.మీ. కంట్రోలర్ దానికి పట్టదు. పట్టేది వెతికి కొన్నా చేతుల మీద బరువు ముప్పావు కిలోకి చేరుతుంది, రెండు స్టిక్కుల మధ్య దూరం దాదాపు అడుగు అవుతుంది. వాడి భుజాలకి అది మంచిది కాదు. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ నెత్తి మీద బిగించే మొబైల్ క్లిప్ కూడా ట్యాబ్‌కి పనికిరాదు, బరువుకి ముందుకి పడిపోతుంది. వాడికి మడత స్టాండ్ ఒకటి, మావయ్య ఇచ్చిన పీఎస్4 కంట్రోలర్, అంతే చాలు. స్టాండ్ అడుగు రబ్బరుతో ఉండాలి, ట్యాబ్ కళ్లకి అరమీటరు దూరంలో ఉంటే బాగుంటుంది.

పీఎస్4 కంట్రోలర్‌ని ట్యాబ్‌తో జత చేయడానికి షేర్ బటన్, మధ్యలోని పీఎస్ బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోండి. ముందున్న దీపం రెండేసి సార్లు చకచకా మెరవడం మొదలుపెట్టాక వదిలి, ట్యాబ్ బ్లూటూత్‌లో ‘వైర్‌లెస్ కంట్రోలర్’ అనే పేరుని తట్టండి. ట్యాబ్‌లో ఆండ్రాయిడ్ 10 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ పై అంచున కూడా సన్నటి వెలుగు గీత కనిపిస్తే అది 2016 తర్వాతి రెండో తరం. కాల్ ఆఫ్ డ్యూటీ ఒప్పుకుంటానన్నది దాన్నే, మొదటి తరాన్ని కాదు. ఎన్నాళ్లనుంచో పడి ఉన్నదంటున్నారు కాబట్టి ముందు రెండు గంటలు ఛార్జ్ చేయండి. దానికి కావాల్సింది పాత మైక్రో యూఎస్‌బీ వైరు, టైప్-సి కాదు. ట్యాబ్‌తో జత అయిన కంట్రోలర్ పీఎస్4ని మర్చిపోతుంది. మావయ్య ఎప్పుడైనా తిరిగి అడిగితే, డేటా కూడా మోసే మైక్రో యూఎస్‌బీ వైరుతో దాన్ని పీఎస్4కి తగిలించి ఒకసారి పీఎస్ బటన్ నొక్కమనండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైరుతో అది మళ్లీ జత కాదు.